ఆర్ట్‌కి డబ్బు పెడదామనుకునేవాళ్లకి: ఒక కుర్ర క్యురేటర్‌ని ఏడాది పాటు నిలబెట్టడం ఎలా

ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా నన్ను అడుగుతారు, అండీ ఆర్ట్‌కి ఏదైనా చేద్దామనుకుంటున్నాం, ఓ ఎనిమిదీ పది లక్షలు పక్కన పెట్టాం, ఏం చేస్తే బావుంటుంది అని. వాళ్ల మనసులో అప్పటికే ఒకటి ఉంటుంది, ఆర్ట్ క్యాంప్. ఇరవై మంది ఆర్టిస్టుల్ని ఓ రిసార్ట్‌కి పిలవడం, మూడ్రోజులు అక్కడే ఉంచి భోజనాలు పెట్టి కాన్వాసులూ రంగులూ ఇవ్వడం, వెళ్లేటప్పుడు ఒక్కొక్కరూ ఒక్కో బొమ్మ ఇచ్చి వెళ్లడం. తప్పేం లేదు, ఆర్టిస్టులు నలుగురూ కలుస్తారు, నాలుగు మాటలు మాట్లాడుకుంటారు, అదీ కావాలి. కానీ నాలుగో రోజు నుంచి ఆ బొమ్మలు ఎవరు చూస్తున్నారు? సగం ఆఫీసు గోడలకి, సగం స్టోర్‌రూమ్‌కి. అందుకే అడిగిన ప్రతివాళ్లకీ నేను ఒకటే చెప్తున్నాను, ఆ డబ్బుతో ఒక కుర్ర క్యురేటర్‌కి ఏడాది పాటు పని నేర్పించండి. ఎలా చెయ్యాలో ఒక్కొక్కరికీ విడిగా ఫోన్లో చెప్పే బదులు మొత్తం ఇక్కడే రాస్తున్నా, కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

ముందు క్యురేటర్ అంటే ఎవరో చెప్పుకుందాం, ఎందుకంటే మన దగ్గర క్యురేటర్ అంటే మ్యూజియంలో తాళాలు చేతిలో ఉండే ఆఫీసర్ అనే చాలామంది అనుకుంటారు. నేను అంటున్నది ఇప్పుడు బతికున్న ఆర్టిస్టులతో పనిచేసే మనిషి గురించి. స్టూడియోలు తిరిగి పని చూడాలి, ఏ పని పక్కన ఏది పెడితే రెండూ ఇంకా బాగా అర్థమవుతాయో ఆలోచించాలి, గది వెతకాలి, డబ్బు తేవాలి, రవాణా చూసుకోవాలి, గోడ మీద పెట్టే నాలుగు ముక్కలు రాయాలి, వచ్చినవాళ్లకి విసుక్కోకుండా చెప్పాలి, అంతా అయ్యాక ఆ పనిని గీత పడకుండా ఆర్టిస్టు ఇంటికి తిరిగి చేర్చాలి. ఇవన్నీ ఒకరి పక్కన నిలబడి చేస్తే వచ్చే పనులు, పుస్తకం చదివితే వచ్చేవి కావు.

మనకి బొమ్మలేసేవాళ్లకి కొదవ లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్, మాసాబ్ ట్యాంక్ దగ్గర జేఎన్ఏఎఫ్ఏయూ అనే ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్, ఏటా పిల్లలు బయటికి వస్తూనే ఉంటారు. వాళ్ల పనిని జనం ముందుకి తెచ్చేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఢిల్లీలో ఉంది, ముంబైలో ఉంది, బెంగళూరులో 2009 నుంచి ఉంది, మనకి లేదు. అంటే ఈ పని నేర్చుకోవాలనుకునే పిల్లలకి జీతం మీద చేరే చోటు ఇక్కడ దాదాపు లేనట్టే. ఢిల్లీకో ముంబైకో వెళ్లి ఏ గ్యాలరీలోనో ఏడాది రెండేళ్లు జీతం లేకుండానో నామమాత్రం జీతానికో ఇంటర్న్‌గా చెయ్యాలి, అలా చెయ్యగలిగేది ఇంటి దగ్గర్నుంచి డబ్బు పంపేవాళ్లున్న పిల్లలే. సిరిసిల్ల నుంచో పలాస నుంచో వచ్చిన అమ్మాయికి ఎంత చూపున్నా ఈ లైన్లోకి రాలేదు. మీ డబ్బు అవసరమైంది సరిగ్గా ఇక్కడే.

ఇది మన సమస్యే కాదు. అమెరికాలో మెలన్ ఫౌండేషన్ 2015లో ఆర్ట్ మ్యూజియంల సిబ్బంది మీద సర్వే వేస్తే, క్యురేటర్లు, కన్జర్వేటర్లు (బొమ్మలు పాడవకుండా చూసేవాళ్లు), ఎడ్యుకేటర్లు, పైస్థాయి మేనేజర్లు అందర్నీ కలిపి చూస్తే 84 శాతం తెల్లవాళ్లే అని తేలింది, నల్లజాతివాళ్లు 4 శాతం. ఆ సర్వేకి ముందే, 2013లో, వాళ్లు లాస్ ఏంజెలెస్, షికాగో, హ్యూస్టన్ లాంటి చోట్ల ఐదు మ్యూజియంలతో కలిసి డిగ్రీ చదివే పిల్లలకి క్యురేటర్ ఫెలోషిప్ మొదలెట్టారు. అందులో నాకు నచ్చింది ఏంటంటే పిల్లలకి డబ్బిచ్చి పని నేర్పడం, పైగా ఒక క్యురేటర్ పక్కన కూర్చోబెట్టడం. ఫ్రీగా చేయించుకుంటే ఎవరొస్తారో వాళ్లకి ముందే తెలుసు.

ఇటలీలో టురిన్‌లో సాండ్రెట్టో రె రెబౌడెంగో ఫౌండేషన్ అని ఉంది, ఆర్ట్ కొని సేకరించే పాట్రిజియా అనే ఆవిడ 1995లో పెట్టింది. వాళ్ల పద్ధతి వేరు. ఇటలీ బయటి నుంచి ఏటా ముగ్గురు కుర్ర క్యురేటర్లని తీసుకొచ్చి నెలల తరబడి దేశమంతా తిప్పుతారు, ఇటాలియన్ ఆర్టిస్టుల స్టూడియోలు చూపిస్తారు, చివర్లో ఆ ముగ్గురూ కలిసి ఒక ఎగ్జిబిషన్ చెయ్యాలి. ఇందులో దాత స్వార్థం కూడా ఉంది, దాచుకోనక్కర్లేని స్వార్థం, ఇటలీ ఆర్టిస్టుల గురించి బయట దేశాల్లో తెలియాలి అని. దీన్ని మనం అచ్చంగా ఇక్కడ చెయ్యొచ్చు. అస్సాం నుంచో కేరళ నుంచో ఒక యంగ్ క్యురేటర్‌ని రప్పించి రెండు నెలలు నిర్మల్, హైదరాబాద్, విజయవాడ, వైజాగ్, కడప తిప్పితే, ఆ మనిషి తర్వాత పదేళ్లు ఎక్కడ షో చేసినా మన ఆర్టిస్టు పేరు ఒకటి అందులో ఉంటుంది. డబ్బు తక్కువుంటే ఈ రెండు నెలల మోడలే చేసుకోండి.

మన దేశంలో చూడాల్సినవి రెండు. కోచి ముజిరిస్ బియెనాలే, అంటే రెండేళ్లకోసారి జరిగే పెద్ద ఆర్ట్ ఎగ్జిబిషన్, 2012 డిసెంబర్ 12న మొదలైంది కదా, రెండో ఎడిషన్‌కి, 2014లో, దాని పక్కనే స్టూడెంట్స్ బియెనాలే పెట్టారు. కుర్ర క్యురేటర్లని ఎంచుకుని ఒక్కొక్కరికీ కొన్ని ఆర్ట్ కాలేజీలు అప్పజెప్పారు, ఎక్కువ గవర్నమెంట్ కాలేజీలే, అక్కడికి వెళ్లి పిల్లలతో కూర్చుని, వాళ్ల పని చూసి, ఏరి, కోచికి తెచ్చి పెట్టడం. టాటా ట్రస్ట్స్ తర్వాత దానికి తోడొచ్చింది. విద్యార్థులకి ఎంత లాభమో ఆ క్యురేటర్లకి అంతకంటే ఎక్కువ లాభం, ఎందుకంటే ట్రైన్ ఎక్కి ముక్కూ మొహం తెలియని కాలేజీకి వెళ్లి, ఫ్యాన్ తిరగని క్లాస్‌రూమ్‌లో పని చూసి అందులో బతికున్నది ఏదో పట్టుకోవడం ఏ కోర్సులోనూ రాదు. రెండోది ఢిల్లీలో ఖోజ్, 1997 నుంచి ఉన్న ఆర్టిస్టుల సంస్థ, జర్మనీ వాళ్ల సాంస్కృతిక సంస్థ గోథె ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి క్యురేటోరియల్ ఇంటెన్సివ్ సౌత్ ఏషియా అని చేసింది. దక్షిణాసియా దేశాల నుంచి ఎంపికైన పిల్లలకి ముందు కొన్ని రోజులు గట్టి క్లాసులు, తర్వాత ఎవరి ఐడియా మీద వాళ్లు పనిచేసుకోవడం, చివర్లో ఎగ్జిబిషన్. టురిన్, కోచి, ఖోజ్ మూడింట్లోనూ చివర గోడ మీద ఏదో ఒకటి తగలాల్సిందే, అది గుర్తుంచుకోండి. వర్క్‌షాప్ పెట్టి సర్టిఫికెట్ ఇచ్చి పంపిస్తే ట్రైనింగ్ అయినట్టు కాదు.

ఇప్పుడు డబ్బు సంగతి.

మా తాతల కాలంలో వారాలు చేసుకుని చదువుకున్నవాళ్ల కథలు ప్రతి ఇంట్లోనూ ఉండేవి. చదువుకోడానికి పక్కూరు వచ్చిన కుర్రాడికి సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో, అలా ఏడు ఇళ్లు కలిస్తే ఒకడి చదువు గడిచిపోయేది, ఏ ఇంటికీ బరువనిపించేది కాదు. మీ ఒక్కరి దగ్గరా అంత డబ్బు లేకపోతే అదే పద్ధతి పెట్టుకోండి, వారాల బదులు నెలలు. పన్నెండు కుటుంబాలు, ఒక్కో కుటుంబం ఒక్కో నెల. నేను హైదరాబాద్ లెక్కలో వేసిన బడ్జెట్ మొత్తం 9 లక్షలు, అంటే ఒక్కో నెలకి 75 వేలు. పెళ్లిలో ఒక్క పూట డెకరేషన్‌కి ఇంతకంటే ఎక్కువ పెట్టేవాళ్లు మనలో బోలెడంతమంది ఉన్నారు, వాళ్లని అడగడానికి మొహమాటపడకండి.

ఆ 9 లక్షలు ఎలా పంచానంటే, ఫెలోకి, అంటే మీరు ఎంచుకున్న కుర్ర క్యురేటర్‌కి, నెలకి 30 వేల చొప్పున పన్నెండు నెలలు 3 లక్షల 60 వేలు. ప్రయాణాలూ బసకి 80 వేలు. పక్కనుండి పని నేర్పే మెంటర్‌కి 90 వేలు. పుస్తకాలకి 20 వేలు. చివర్లో ఎగ్జిబిషన్‌కి 3 లక్షలు. చేతిలో 50 వేలు, ఎందుకంటే ఏదో ఒకటి కచ్చితంగా తేడా కొడుతుంది. ఎగ్జిబిషన్ 3 లక్షల్లో ముందుగా ఐదుగురు ఆర్టిస్టులకి తలా 20 వేలు ఫీజు, అంటే లక్ష, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. రవాణా ఇన్సూరెన్స్ 70 వేలు, తగిలించడం లైట్లు కార్పెంటరు 60 వేలు, ప్రింటింగ్ 40 వేలు, హాలూ ఓపెనింగ్ రోజు టీ సమోసాలూ కలిపి 30 వేలు. హాలు ఉచితంగానో దాదాపు ఉచితంగానో ఇచ్చేవాళ్లు దొరకాలి, లేదంటే ఇది సరిపోదు. పాత ఇల్లు, ఖాళీగా ఉన్న షాపు, కాలేజీ హాలు ఏదైనా పర్లేదు, మార్బుల్ ఫ్లోర్ ఉన్న గ్యాలరీయే కావాలని లేదు.

ఈ బడ్జెట్ చూపించగానే చాలామంది మొదట కత్తెర వేసేది ఫెలో డబ్బు మీదే. "నెలకి 30 వేలెందుకండీ, నేర్చుకుంటున్నాడు కదా, 12 వేలిస్తే చాలదా" అని. చాలదు. 12 వేలిస్తే ఆ పిల్ల పొద్దున్న ట్యూషన్లు చెప్పి సాయంత్రం మీ పని చేస్తుంది, స్టూడియో విజిట్‌కి రమ్మంటే ఆదివారం తప్ప రాలేనంటుంది. మీరు కొంటున్నది ఆ మనిషి టైమ్, అది సగం కొంటే సగమే వస్తుంది. డబ్బు తగ్గిస్తే కాలం తగ్గించండి, ఆరు నెలలు చెయ్యండి, నెల డబ్బు మాత్రం తగ్గించకండి. ఇంకోటి, ఒకటో తారీఖున వెయ్యండి. నేను దగ్గరుండి చూసిన ఒక ఫెలోషిప్‌లో నాలుగు నెలల డబ్బు ఒకేసారి చివర్లో వేశారు, పేపర్ మీద చూస్తే ఒక్క రూపాయి బాకీ లేదు, ఈ లోపు ఆ అబ్బాయి రూమ్ ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోయాడు. షో జరగనే లేదు.

డబ్బు ఎవరి అకౌంట్లోకి వెళ్లాలి అనేది తర్వాతి ప్రశ్న. ఈ ఒక్క పని కోసం కొత్త ట్రస్ట్ పెట్టకండి, ఆల్రెడీ నడుస్తున్న రిజిస్టర్డ్ ట్రస్టో సొసైటీయో చూసుకోండి, 1961 ఆదాయపు పన్ను చట్టంలో 12ఏ (ట్రస్ట్‌కి పన్ను మినహాయింపు), 80జీ (ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు) అని పిలిచే రిజిస్ట్రేషన్లు రెండూ ఉన్నది. చెక్కో ట్రాన్స్‌ఫరో చెయ్యండి, 2 వేలు దాటి క్యాష్ ఇస్తే ట్యాక్స్ మినహాయింపు రాదు, మీరు కొత్త ట్యాక్స్ రెజీమ్‌లో ఉన్నా రాదు. రసీదుతో ఊరుకోకుండా ట్యాక్స్ కోసం ట్రస్ట్ ఇచ్చే విరాళం సర్టిఫికెట్ కూడా అడిగి తీసుకోండి. ట్రస్ట్‌తో ఒక పేజీ ఒప్పందం రాసుకోండి, ఈ డబ్బు ఈ ఫెలోషిప్‌కే, వాళ్ల ఆఫీసు ఖర్చులకి ఇంత శాతం అని ముందే. ఫెలోకి ఇచ్చేది స్కాలర్‌షిప్పా ప్రొఫెషనల్ ఫీజా, టీడీఎస్ కట్ చెయ్యాలా వద్దా అనేది మీ సీఏని మొదటి నెలకి ముందే అడగండి, మార్చిలో కాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఊళ్లో గుడికీ స్కూలుకీ ఎంతో పంపిస్తున్నారు, వాళ్లలో కొంతమందికి దీని గురించి చెప్తే చాలా ఇష్టంగా విన్నారు. కానీ ఒక్క విషయంలో జాగ్రత్త. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారై తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కింద రాదు, మామూలు ట్రస్ట్ తీసుకోవచ్చు. అదే అమెరికన్ సిటిజన్ అయిపోయిన వాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇస్తే ఫారిన్ సోర్స్ కిందికే వస్తుంది, ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి, ఉన్న సంస్థే తీసుకోవాలి, అది కూడా ఢిల్లీ ఎస్బీఐ మెయిన్ బ్రాంచ్‌లో ఉండే ప్రత్యేక అకౌంట్లోకే. ఎఫ్‌సీఆర్ఏ ఉన్న ఒక పెద్ద సంస్థ తీసుకుని మన చిన్న ట్రస్ట్‌కి పంపిస్తుందిలే అనుకుంటారు, 2020 సవరణ తర్వాత అలా ఇంకో సంస్థకి బదిలీ చెయ్యడం కుదరదు. మా బావమరిది పేరు మీద పంపిస్తా అనే మాట వినగానే అక్కడితో ఆపెయ్యండి.

కంపెనీ ద్వారా చెయ్యాలంటే సీఎస్ఆర్ ఉంది, అంటే సామాజిక బాధ్యత కింద కంపెనీలు పెట్టాల్సిన డబ్బు. నెట్‌వర్త్ 500 కోట్లు లేదా టర్నోవర్ 1000 కోట్లు లేదా నికర లాభం 5 కోట్లు, ఈ మూడింట్లో ఏ ఒక్కటి దాటినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం పెట్టాలని 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్. ఏడో షెడ్యూల్‌లో ఐదో అంశంలో కళా సంస్కృతి ఉంది, కానీ ఆ వాక్యం వారసత్వం, కట్టడాలు, హస్తకళల మీద ఎక్కువ నడుస్తుంది, అందుకని ఆఫీసర్లు కాంటెంపరరీ ఆర్ట్ అనగానే వెనకాడతారు. రెండో అంశంలో విద్య, ఉపాధికి పనికొచ్చే వృత్తి నైపుణ్యాలు ఉన్నాయి. మీ ప్రపోజల్ రాసేటప్పుడు ఇది వృత్తి శిక్షణ అని, ఎంతమందికి ఏ పని చేతికి వస్తుందో స్పష్టంగా రాయండి, నిజంగా అది అదే కాబట్టి. తీసుకునే సంస్థకి సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ కంపెనీ పెట్టిన సంస్థ కాకపోతే ఇలాంటి పనిలో మూడేళ్ల అనుభవం కూడా చూపించాలి. ఫెలోషిప్ జూన్‌లో మొదలై మేలో అయిపోతుంది, మధ్యలో మార్చి 31 వస్తుంది, కాబట్టి బోర్డు చేత ముందే ఆన్‌గోయింగ్ ప్రాజెక్ట్‌గా రాయించుకోండి. లేదంటే మార్చిలో ఫోన్లు మొదలవుతాయి, వెంటనే ఖర్చుపెట్టేయండి అని, ఆ తొందరలో ఎవరూ వాడని ప్రొజెక్టరు ఒకటి కొంటారు.

ఇక మనిషిని ఎంచుకోవడం. అప్లికేషన్ తెలుగులో పెట్టండి, ఇంగ్లీషులో రాసేవాళ్లు రాసుకోవచ్చు, కానీ తెలుగులో రాస్తే తక్కువ మార్కులు ఉండకూడదు. రాయడం ఇబ్బందైనవాళ్లు ఐదు నిమిషాల వాయిస్ నోట్ పంపినా తీసుకోండి. ఫీజు వద్దు, గైడ్ల సిఫార్సు ఉత్తరాలు కూడా వద్దు, అవి ఎవరికి ఎవరు తెలుసో చెప్తాయి తప్ప పిల్లల గురించి ఏం చెప్పవు. న్యూయార్క్‌లో ఇండిపెండెంట్ క్యురేటర్స్ ఇంటర్నేషనల్ 2010 నుంచి నడుపుతున్న కోర్సులో ఒక పద్ధతి ఉంది, వచ్చేవాళ్లు ఒక ఎగ్జిబిషన్ ఐడియాతోనే రావాలి, అక్కడ దాన్ని పదును పెట్టుకుని పూర్తి ప్రపోజల్ చేసుకోవాలి. మనం కూడా ఒక్కటే ప్రశ్న అడుగుదాం: ఒక గది ఇస్తాం, ముగ్గురు ఆర్టిస్టులు, ఎవర్ని పెడతావు, ఎందుకు. ఆ ముగ్గురిలో ఒక్కరైనా పేరు లేనివాళ్లు ఉన్నారా, వాళ్ల పనిని ఈ పిల్ల నిజంగా కళ్లతో చూసిందా ఫోన్లో చూసి రాసిందా, అది రెండు పేరాల్లో తెలిసిపోతుంది.

వయసు 30 లోపు అని కొట్టేయకండి, పెళ్లీ పిల్లలూ అయ్యి ఐదేళ్లు ఆగిపోయి మళ్లీ వచ్చే ఆడపిల్లలు ఈ ఫీల్డ్‌లో చాలామంది. ఇప్పటిదాకా రెండు షోల కంటే ఎక్కువ చెయ్యని వాళ్లు అని పెట్టండి, సరిపోతుంది.

జ్యూరీలో ముగ్గురుండాలి, ఒకరు పనిచేస్తున్న క్యురేటర్, ఒకరు ఆర్టిస్టు, ఒకరు బయటి రాష్ట్రం వాళ్లు. వాళ్లకీ ఫీజివ్వాలి. మీరు మాత్రం ఉండకూడదు. ఇది చెప్తే కొంతమంది దాతలకి కష్టంగా ఉంటుంది, నా డబ్బు నేనే చూసుకోకూడదా అని. మీరు ఉంటే మీ కజిన్ కొడుకు అప్లై చేస్తాడు, చెయ్యకపోయినా చేశాడనే మాట వస్తుంది. ఇంకా ముఖ్యమైంది, మీ ఇంట్లో ఉన్న కలెక్షన్ లోంచి బొమ్మలు ఆ షోలో పెట్టించకండి, పెడితే వాటి ధర పెరుగుతుంది, ఆ పిల్ల జీవితంలో మొదటి షోకే మీ ఆస్తికి పబ్లిసిటీ అనే మచ్చ పడుతుంది. గ్యాలరీ నడిపేవాళ్లు దాతలైతే కూడా ఇంతే, మా గ్యాలరీ ఆర్టిస్టుల్నే పెట్టాలి అనే షరతు ఒద్దు. గుళ్లో ఫ్యాన్ కొనిస్తే రెక్కల మీద పేరు రాయించుకుంటాం, ఇక్కడ కూడా పేరు వేసుకోండి, గోడ చివర థాంక్స్ బోర్డు మీద, అందరితో పాటు ఒకే సైజులో.

మెంటర్‌ని జాగ్రత్తగా చూసుకోండి. పేరున్న పెద్దాయన్ని పెట్టి ఆయన రెండు సార్లు జూమ్‌లో కనబడి వెళ్లిపోతే లాభం లేదు. పదిహేను రోజులకోసారి మూడు గంటలు ఎదురుగా కూర్చోగలిగిన మనిషి కావాలి, నలభై ఏళ్ల లోపు ఉన్నా పర్లేదు.

ఏడాదిలో ఏం నేర్పాలి అంటే, మొదటి నాలుగు నెలలు చూడటమే. కనీసం ముప్ఫై స్టూడియోలు, ప్రతి విజిట్ తర్వాత ఒక పేజీ. చాలామంది స్టూడియో అంటే పెద్ద హాలు అనుకుంటారు, మన ఆర్టిస్టులకి అది డాబా మీద రేకుల గదో, పడగ్గదిలో మంచం జరిపి చేసుకున్న జాగానో. అక్కడ ఎలా కూర్చోవాలి, ఏం అడగాలి, ఎప్పుడు ఫోటో తీయాలి, ఇదంతా శిక్షణే. మధ్యలో ఒకసారి కోచికో, డిసెంబర్‌లో గోవాలో జరిగే సెరెండిపిటీ ఆర్ట్స్ ఫెస్టివల్‌కో పంపండి, చూసి రావడానికి కాదు, తగిలించే రోజుల్లో వెళ్లి ఒక టీమ్‌తో పనిచేసి రావడానికి, ముందే మాట్లాడుకుంటే ఒప్పుకునేవాళ్లు దొరుకుతారు.

ఆ తర్వాత చేతిపని. ఓసారి మే నెలలో వైజాగ్ నుంచి ఒక పెద్ద ఆక్రిలిక్ పెయింటింగ్ బస్సు పార్సిల్‌లో వచ్చింది. బుడగలున్న వైపు రంగుకి తగిలేలా బబుల్ రాప్ నేరుగా చుట్టేశారు. డిక్కీలో ఆ ఎండకి ప్లాస్టిక్ వేడెక్కి, విప్పి చూస్తే బొమ్మంతా గుండ్రటి గుండ్రటి అచ్చులు, వరసలు వరసలుగా. ఆర్టిస్టు అయితే నేను పంపినప్పుడు బానే ఉందంటాడు, పార్సిల్ వాళ్లు అయితే మేం తెరవలేదంటారు, మేం పంపేముందు ఫోటోలు అడగలేదు. ఆ తప్పు మాదే, నా జీవితంలో ఆ ఫోన్ కాల్ అంత కష్టమైంది ఇంకోటి లేదు. అప్పట్నుంచి నాతో పనిచేసే ప్రతి పిల్లకీ మొదట నేర్పేది కండిషన్ రిపోర్ట్: బయల్దేరే ముందు పగటి వెలుగులో ముందూ వెనకా నాలుగు మూలలూ ఫోటోలు, ఉన్న గీతలూ మరకలూ రాసి ఇద్దరి సంతకాలు, చేరాక మళ్లీ అదే. రంగు మీద ముందు గ్లాసిన్ అనే నున్నటి పల్చటి పేపర్, ఆ పైనే బబుల్ రాప్, బుడగలు బయటికి.

తగిలించడం కూడా కార్పెంటరుకి వదిలెయ్యకూడదు. బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల మధ్య ఉంటే నిలబడి చూసే మనిషి కంటికి సరిగ్గా వస్తుంది. లెక్క ఇలా: మధ్య 58 అంగుళాలు పెట్టుకున్నాం, బొమ్మ ఎత్తు 40, సగం 20, కలిపితే పై అంచు 78. వెనక వైరు లాగి పట్టుకుంటే పై అంచుకి 3 అంగుళాలు కిందికి ఉంది, కాబట్టి మేకు 75 దగ్గర. ఇది ఆ పిల్ల తన చేత్తో టేపు పట్టుకుని ఓ ఇరవై సార్లు చెయ్యాలి, అప్పుడు కార్పెంటరు కూడా ఆమె మాట వింటాడు.

రాయడం దగ్గర ఇంకా టైమ్ పడుతుంది. ఒకమ్మాయి తను ఎంచుకున్న ఆర్టిస్టు గురించి గోడ మీద పెట్టడానికి రాసుకొచ్చింది, "సమకాలీన అస్తిత్వ సంక్షోభ నేపథ్యంలో స్మృతి, శ్రమ, దేహాల అంతస్సంబంధాలను అన్వేషించే ప్రయత్నం" అని. తెలివైన పిల్లే, ఇలాగే రాయాలని ఎక్కడో నేర్చుకుంది. పేపర్ పక్కన పెట్టి, నీ కళ్లకి ఏం కనబడిందో మా అమ్మకి చెప్పినట్టు చెప్పు అన్నా. కాసేపు ఆగి చెప్పింది, "ఇవి తునికాకులండీ. వాళ్లమ్మ బీడీలు చుట్టేది. ఒక్కో ఆకు మీద ఈ ఆర్టిస్టు ఒక్కో రోజు వచ్చిన కూలి అంకె సూదితో పొడిచింది. లైట్ వెనక నుంచి వేస్తే అంకెలు కనిపిస్తాయి." అదే రాయమన్నా, రాసింది. ఓపెనింగ్ రోజు వాచ్‌మన్ గారు ఆ బోర్డు చదివి, లోపలికెళ్లి ఒక్కో ఆకు దగ్గరా ఆగి అంకెలు చదువుకున్నారు. మీ ఫెలోషిప్‌లో తెలుగు వాల్ టెక్స్ట్ తప్పనిసరి అని ఒప్పందంలోనే పెట్టండి, ఇంగ్లీషు నుంచి అనువాదం చేయించింది కాదు, ముందు తెలుగులోనే రాసింది.

ఇంకా చదువుకోవాలనే పిల్లలు ఉంటారు. ముంబైలో భావు దాజీ లాడ్ మ్యూజియం వాళ్ల పీజీ డిప్లొమా ఉంది, ఆర్ట్ హిస్టరీ, క్యురేషన్ కలిపి. బయట దేశాల కోర్సులకైతే ఇన్‌లాక్స్ శివదాసానీ ఫౌండేషన్ స్కాలర్‌షిప్పులు, బ్రిటన్‌కైతే చార్ల్స్ వాలెస్ ఇండియా ట్రస్ట్ గ్రాంట్లు ఉన్నాయి, బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 1995 నుంచి పరిశోధనకి గ్రాంట్లిస్తోంది. రూల్సూ వయసు పరిమితులూ ఏటా మారతాయి, వాళ్ల సైట్లలోనే చూసుకోవాలి. మీ ఫెలో పదో నెలలో వీటికి అప్లై చేసేలా మెంటర్‌తో చెప్పించండి, అప్పటికి ఆమె చేతిలో చూపించడానికి నిజమైన షో ఒకటి తయారవుతూ ఉంటుంది.

షో అయ్యాక పదిహేను రోజులు డబ్బు ఆపకుండా ఇవ్వండి, చాలామంది ఓపెనింగ్‌తో పని అయిపోయింది అనుకుంటారు. బొమ్మలు దింపడం, కండిషన్ రిపోర్టులు మళ్లీ నింపడం, ఐదుగురు ఇళ్లకీ చేర్చి సంతకాలు తీసుకోవడం, ఫోటోలకి పేర్లు పెట్టి ఒక హార్డ్ డ్రైవ్‌లో సర్దడం, ఆర్టిస్టుల ఫీజు వెళ్లిందో లేదో చూడటం, లెక్కలు రాసి పన్నెండు కుటుంబాలకీ పంపడం, ఇవన్నీ ఆ రోజుల్లోనే. ఆ ముప్ఫై స్టూడియోల నోట్సు కూడా ఒక కాపీ తీసి తర్వాత వచ్చే ఫెలోకి ఇవ్వండి, ఆర్టిస్టుల్ని అడిగి. జూన్‌లో మొదలెట్టాలంటే అప్లికేషన్లు ఫిబ్రవరిలో పిలవాలి, జ్యూరీ మార్చిలో కూర్చోవాలి, డబ్బు మే నెలాఖరుకి ట్రస్ట్ అకౌంట్లో ఉండాలి, మొదటి 30 వేలు జూన్ ఒకటిన వెళ్లిపోవాలి.